టెలివిజన్ చూపు యుద్ధము, మనము నమ్ము యుద్ధము



ప్రతి సంవత్సరమును ఈ సంచికలో మీతో నాలుగు మాటలు చెప్పుకొనుట మాకు ఆనవాయితీ. పరీక్షా ఫలితములను గూర్చియు, హాజరును గూర్చియు చెప్పవలసినవి ఈ సంచికలోనే వేరొక చోట ఉన్నవి. ఈసారి మన యిండ్లలోని టెలివిజన్‌ను గూర్చియు, దాని ద్వారా పిల్లల మనస్సులలోనికి వచ్చుచున్న యుద్ధమును గూర్చియు వ్రాయ సంకల్పించితిమి. ఇందుకు కారణము ఒక చిన్న సంఘటన.

2025 జూన్ నెలలో, వేసవి సెలవుల అనంతరము పాఠశాల తెరచిన మొదటి వారమున, ఐదవ తరగతి పిల్లలను "సెలవులలో నేను చూచినది" అను విషయముపై పది వాక్యములు వ్రాయుమని చెప్పితిమి. ఒకడు జాతరను గూర్చి వ్రాసెను. ఒక బాలిక అమ్మమ్మగారి ఊరిని గూర్చి వ్రాసెను. మరియొక బాలుడు కరాచీ ఓడరేవు తగులబడుటను గూర్చి వ్రాసెను. ఆ రేవు తగులబడలేదని మేము చెప్పగా, ఆ పిల్లవాడు మా అజ్ఞానమునకు జాలిపడినట్లు చూచి, "లేదు సార్, నేనే చూస్తిని. టీవీలో మంట చూస్తిని" అనెను. ప్రక్కనున్నవాడు వెంటనే లేచి, "నేను లెక్క పెడితిని సార్, నలభై బాంబులు పడె" అని సాక్ష్యము పలికెను. నెమ్మదిగా విచారింపగా తేలినదేమనగా, ఆ రాత్రి ఆ ఛానలు ఒకే దృశ్యమును మరల మరల చూపినది. చూపిన ప్రతిసారియు మన బాలుడు ఒక బాంబుగా లెక్కించుకొనెను.

ఆ పిల్లలు అబద్ధమాడలేదు. మంటను చూచిన మాట నిజమే. అది ఎక్కడి మంటయో, ఎప్పటిదో, ఎవరు తీసిన చిత్రమో మాత్రము వారికి తెలియదు. ఆ రాత్రి వారి ప్రక్కన కూర్చుండి చూచిన పెద్దలకును తెలియదు. "విన్నాను" అని చెప్పవలసిన చోట "చూచినాను" అని చెప్పించుటయే టెలివిజన్‌కు గల గొప్ప శక్తి. దాని యెదుట మనము సాక్షులమని తలచుకొందుము. నిజమునకు శ్రోతలము మాత్రమే. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఈ యొక్క సంగతియే.

యుద్ధమును దూరమునుండి తెలిసికొనుట క్రొత్త విషయము కాదు. భారతములో ధృతరాష్ట్రునకు యుద్ధము చూచుటకు దివ్యదృష్టి నిచ్చెదనని వ్యాసుడు చెప్పగా, జ్ఞాతివధను కన్నులతో చూడలేనని రాజు దానిని వలదనెను. ఆ దృష్టి సంజయునకు లభించినది. సంజయుడు రాజుగారి కొలువులోనివాడే. అయినను భీష్ముడు పడిన వార్తను, ద్రోణుడు పడిన వార్తను, తుదకు దుర్యోధనుడు పడిన వార్తను దాచక చెప్పెను; ఈ నాశనమునకు నీ తప్పును కారణమేనని రాజు ముఖముననే చెప్పెను. అదే భారతములో వేరొక విధమైన వార్తయు ఉన్నది. భీముడు అశ్వత్థామ అను పేరుగల ఏనుగును చంపెను. అశ్వత్థామ చచ్చెనను మాటను ధర్మరాజు ద్రోణునకు వినబడునట్లు చెప్పి, ఏనుగు అను మాటను వినబడకుండ చెప్పెను. ద్రోణుడు ఆయుధములు విడిచెను. పలికిన మాటలలో అబద్ధము లేదు. వినిపించిన తీరులోనే మోసమంతయు ఉన్నది. ఈనాటి టెలివిజన్ యుద్ధవార్తలలో సంజయుని మాటయు కలదు, ధర్మరాజుగారి యీ మాటయు కలదు. రెంటిని వేరుపరచుకొనుటయే మన పని.

టెలివిజన్ యుద్ధము అను పేరు మొదట వియత్నాం యుద్ధమునకు వచ్చినది. అమెరికాలో 1950లో నూటికి 9 ఇండ్లలో మాత్రమే టెలివిజన్ ఉండెను. 1966 నాటికి నూటికి 93 ఇండ్లలో ఉండెను. 1963లో అచ్చటి పెద్ద ఛానళ్లు రాత్రి వార్తల వ్యవధిని 15 నిమిషముల నుండి 30 నిమిషములకు పెంచినవి. 1965 ఆగస్టులో కామ్ నే అను గ్రామమున అమెరికా సైనికులు పూరిండ్లకు సిగరెట్టు లైటర్లతో నిప్పంటించుటను మోర్లీ సేఫర్ అను విలేఖరి చూపెను. 1968 జనవరి చివర, టెట్ అను వారి నూతన సంవత్సరపు పండుగ వేళ, ఉత్తర వియత్నాం సైన్యమును వియత్ కాంగ్ దళములును దక్షిణ వియత్నాం పట్టణములపై ఒక్కుమ్మడిగా పడినవి. ఫిబ్రవరి 1వ తేదీన సైగాన్ వీధిలో పోలీసు అధిపతి ఒక బందీని తుపాకితో కాల్చిన దృశ్యము లోకమంతయు చూచినది. ఆ నెల 27వ తేదీన, దేశమంతయు విశ్వసించు వార్తాకారుడైన వాల్టర్ క్రాంకైట్, ఈ యుద్ధము గెలుపునకు కాక ప్రతిష్టంభనకు దారితీయునని తన అభిప్రాయము చెప్పెను.

ఇందుమీదట టెలివిజనే అమెరికాను ఓడించినదని చాలమంది నమ్మిరి; నేటికిని నమ్మువారు కలరు. పరిశోధకులు లెక్కలు తీసి చూడగా సంగతి అంత సులభముగా లేదని తేలినది. 1973లో జాన్ ముల్లర్ అను పండితుడు కొరియా యుద్ధమును వియత్నాం యుద్ధముతో పోల్చి చూచెను. కొరియా యుద్ధము జరిగిన 1950–53 నాటికి టెలివిజన్ యుద్ధవార్తలు మిక్కిలి స్వల్పము. అయినను అమెరికా సైనికుల మరణములు పెరిగినకొలది ఆ యుద్ధమునకును ప్రజల మద్దతు ఇంచుమించు అదే రీతిగా తగ్గెను. 1986లో డేనియల్ హాలిన్ అను మరియొక పండితుడు, 1968కి పూర్వము ఛానళ్లు చాల వరకు ప్రభుత్వము చెప్పిన రీతినే యుద్ధమును చూపినవని నిరూపించెను. కావున ప్రజాభిప్రాయమును టెలివిజన్ శూన్యమునుండి పుట్టింపదు. టెట్ దాడిలో దాడి చేసిన పక్షమే ఎక్కువ మందిని కోల్పోయెను. కాని విజయము దగ్గరపడినదని అంతవరకు ప్రభుత్వము చెప్పుచు వచ్చినది. ఆ మాటకును తెరమీది చిత్రమునకును గల యెడమును ప్రజలు చూచిరి. వారి నమ్మకము చెదరుట అక్కడ మొదలైనది.

ప్రభుత్వములు దీనినుండి తమదైన పాఠము నేర్చుకొన్నవి. విలేఖరిని తరిమివేయుట కంటె, అతడు ఎక్కడ నిలబడవలెనో నిర్ణయించుట మేలని గ్రహించినవి. 1982లో ఫాక్లండ్ దీవుల యుద్ధమున బ్రిటిషు నౌకలలో వెళ్లిన కొలదిమంది విలేఖరుల చిత్రములు లండను చేరుటకు కొన్ని సమయములలో మూడు వారములు పట్టెను. 1991లో గల్ఫ్ యుద్ధము జరిగినప్పుడు మేము కళాశాల విద్యార్థులము. ఆ జనవరిలో సి.యన్.యన్. విలేఖరులు బాగ్దాదులోని ఒక హోటలు నుండి, బాంబులు పడుచుండగనే, లోకమునకు సంగతి చెప్పిరి. మన యూళ్ళలో నాడు డిష్ యాంటెన్నాలు అరుదు. దూరదర్శన్ వార్తలలో ఆ రాత్రి ఆకాశమును చూచి మేమును ఆశ్చర్యపడితిమి. బాంబు ఒక భవనముయొక్క పొగగొట్టములో సూటిగా దూరినట్లు చూపు చిత్రములను సైన్యాధికారులు ప్రతిదినమును విడుదల చేసిరి. యుద్ధమనగా ఇక దుష్టుని ఇంటిని మాత్రమే కూల్చు సూక్ష్మమైన పనియని మేము తలచితిమి. ఆ యుద్ధములో వేసిన బాంబులలో గురి చూచి పడునవి నూటికి పదికంటె తక్కువేయని తరువాత తెలిసినది. తక్కినవి పూర్వకాలపు బాంబులే. వాటి చిత్రములు తెరపైకి రాలేదు. గురి చూచి వేసినవైనను సర్వము సరిగా పడెననుటకు వీలులేదు. ఫిబ్రవరి 13వ తేదీన బాగ్దాదులో అమీరియా అను చోట అట్టి బాంబులే ఒక రక్షణ గృహముపై పడి, తలదాచుకొన్న 400 మందికి పైగా పౌరులు చనిపోయిరి.

ఆ యుద్ధమునకు పూర్వము జరిగిన మరొక సంగతి వినదగినది. 1990 అక్టోబరులో 15 ఏండ్ల కువైటు బాలిక యొకతె అమెరికా కాంగ్రెసు సభ్యుల యెదుట కన్నీటితో సాక్ష్యము చెప్పెను. ఇరాకు సైనికులు ఆసుపత్రిలో నెలతప్పి పుట్టిన శిశువులను పెట్టెలనుండి తీసి నేలపై పడవేయుటను తాను చూచితినని ఆమె చెప్పెను. ఆ దృశ్యము టెలివిజన్‌లో అనేక పర్యాయములు ప్రసారమైనది. ఆ బాలిక అమెరికాలోని కువైటు రాయబారి కుమార్తెయనియు, ఆ సాక్ష్యమును ఏర్పాటు చేసినది ఒక ప్రచార సంస్థయనియు 1992 జనవరిలో గాని లోకమునకు తెలియలేదు. ఆమె చెప్పిన కథకు విచారణలలో ఆధారము దొరకలేదు. కాని యుద్ధము అప్పటికే ముగిసి పది నెలలు దాటినది.

ఇక కెమెరా చట్రము చేయు పనిని 2003లో చూచితిమి. ఏప్రిల్ 9వ తేదీన బాగ్దాదులోని ఫిర్దౌస్ చౌకులో సద్దాం హుస్సేన్ విగ్రహమును పడగొట్టిరి. దగ్గరగా తీసిన చిత్రమున తెర నిండ జనము; నగరమంతయు అక్కడనే ఉన్నట్లు కనిపించెను. దూరమునుండి తీసిన చిత్రములలో ఆ చౌకు చాల భాగము ఖాళీగా ఉన్నది. విగ్రహమును తుదకు లాగి పడవేసినది అమెరికా సైన్యపు వాహనము. రెండు చిత్రములును నిజమైనవే. లోకము మొదటి దానినే జ్ఞాపకముంచుకొన్నది.

దీని ఫలితము కొలతకు అందినది. అదే సంవత్సరమున అమెరికాలోని మేరీలాండు విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు ప్రజలను మూడు విషయములు అడిగిరి. ఇరాకునకు అల్ ఖైదాతో సంబంధమున్నట్లు సాక్ష్యము దొరికినదా? సర్వనాశక ఆయుధములు దొరికినవా? లోకములోని ప్రజలలో అధికసంఖ్యాకులు ఆ యుద్ధమును సమర్థించిరా? మూడును నిజము కావు. అయినను నూటికి 60 మంది వీనిలో ఒకదానినైనను నిజమని నమ్మియుండిరి. ఏ ఒక్కటియు నమ్మనివారిలో నూటికి 23 మంది యుద్ధమును సమర్థించిరి. మూడింటిని నమ్మినవారిలో 86 మంది సమర్థించిరి. వార్తలకై ఒకానొక ఛానలునే ఆశ్రయించినవారిలో నూటికి 80 మందికి ఈ అపోహలలో ఒకటైనను ఉండగా, ప్రజా ప్రసార సంస్థలను ఆశ్రయించినవారిలో 23 మందికే ఉన్నది. ఎవరు ఎంతసేపు చూచిరను దాని కంటె, ఎవరు ఏమి చూచిరను దానియందే భేదమున్నది.

మన దేశమునకు వత్తము. 1999 మే నుండి జూలై వరకు జరిగిన కార్గిల్ పోరాటమును మన దేశపు మొదటి టెలివిజన్ యుద్ధమని చెప్పుదురు. దాని మేలును మరువరాదు. కొండమీదికి ప్రాకు జవానుల కష్టమును, జాతీయ పతాకము కప్పిన శవపేటికలు ఇండ్లు చేరుటను దేశమంతయు చూచి, భాషాభేదము లేక దుఃఖించినది. 2008 నవంబరులో ముంబయిపై జరిగిన దాడి వేరొక పాఠము నేర్పినది. కమాండోల కదలికలను ఛానళ్లు ప్రత్యక్ష ప్రసారము చేయుచుండగా, పాకిస్తానులో కూర్చున్నవారు దానిని చూచి టెలిఫోనులో హంతకులకు సూచనలిచ్చిరి. 2012లో సుప్రీంకోర్టు ఆ ప్రసారములను తీవ్రముగా తప్పుపట్టెను. కావున యుద్ధకాలమున కొన్నింటిని చూపకుండుట ధర్మమే. దాచుట వేరు, కల్పించుట వేరు.

2025 ఏప్రిల్ 22న పహల్గాములో 26 మంది హత్యకు గురియైరి. మే 7న మన సైన్యము ఉగ్రవాద స్థావరములపై దాడి జరిపెను. మే 10 సాయంకాలమునకు కాల్పులు ఆపుటకు ఒప్పందము కుదిరెను. ఈ నడుమ, మే 8 రాత్రి, పలు ఛానళ్లు కరాచీ రేవు నాశనమైనదనియు, పాకిస్తాను నగరములు మన సైన్యము వశమైనవనియు చెప్పినవి. ఇతర దేశములలో జరిగిన పాత సంఘటనల చిత్రములు, వీడియో ఆటల దృశ్యములు సైతము యుద్ధ చిత్రములుగా చలామణి యైనవి. తెల్లవారునప్పటికి ఆ వార్తలు నిలువలేదు. సరిహద్దు ఆవలనుండియు, మన మహిళా పైలటు పట్టుబడినదను అబద్ధము ప్రచారమైనది. చర్చలలో వైమానిక దాడి సైరన్ మ్రోతను అదేపనిగా వినిపింపగా, నిజముగా సైరన్ మ్రోగిననాడు జనము లెక్కచేయకపోవుదురను భయముతో, ఆ మ్రోతను ప్రసారములలో వాడవద్దని పౌర రక్షణ అధికారులు ఛానళ్లకు చెప్పవలసి వచ్చినది.

ఇట్లు ఎందుకు జరుగును? ఛానలునకు రాత్రింబవళ్ళు 24 గంటలు నింపవలసి యుండును; యుద్ధభూమి నుండి వచ్చు నిజమైన సమాచారము గంటకు నాలుగు వాక్యములైనను ఉండదు. మిగిలిన కాలమును ఊహ, వాగ్వాదము, సంగీతము నింపును. ప్రక్క ఛానలు ఒక మాట చెప్పిన తరువాత, విచారించి చెప్పెదమని ఆగినవాడు ప్రేక్షకులను కోల్పోవును. ప్రేక్షకులు పోయినచో ప్రకటనల ఆదాయము పోవును. మనము ఏది చూతుమో అదియే మరల మనకు వండి వడ్డింతురు. కనుక తప్పులో మనకును పాలు కలదు.

చూపనిదానిని గూర్చి ఒక మాట. సూడాన్ దేశములో 2023 ఏప్రిల్ నుండి సాగిన యుద్ధమున కోటిమందికి పైగా ఇండ్లు విడిచిపోయిరి. మన యిండ్లలో ఎందరు దానిని తెరమీద చూచిరి? కెమెరా పోని చోట యుద్ధము లేదని మన మనస్సు అనుకొనును. నలభై సార్లు చూపిన ఒక్క బాంబు నలభై బాంబులగును. ఒక్కసారియు చూపని యుద్ధము సున్న యగును. ఐదవ తరగతి పిల్లవాని లెక్కయు, మన లెక్కయు ఒక్కటే.

తల్లిదండ్రులు చేయదగిన పనులు కొన్ని కలవు. ఇవి ఖర్చు లేనివి.

మొదటిది: పిల్లలతో కలసి చూచునప్పుడు, ఈ చిత్రము ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు తీసినది అని పైకి అడుగుడు. జవాబు తెరమీద లేనిచో, లేదని పైకి చెప్పుడు. మీరు అడుగుట వినిన పిల్లవాడు రేపు తానును అడుగును.

రెండవది: తెల్లవారు వరకు ఆగుడు. యుద్ధవేళ రాత్రి వార్తను ఉదయపు పత్రికతో సరిచూచుకొనినచో సగము కల్పన రాలిపోవును. అంతవరకు దానిని ఫోనులో మరొకరికి పంపకుడు.

మూడవది: చిన్నపిల్లలు నిద్రించు వేళ పేలుళ్ళ దృశ్యములు మరల మరల చూడనీయకుడు. చూచినయెడల, అది ఒక్కటే సంఘటనయని, మరల చూపుచున్నారని చెప్పుడు. వారి భయమును ఎగతాళి చేయకుడు.

నాలుగవది మనకే ప్రత్యేకముగా లభించిన వరము. తమిళనాట, కన్నడ సరిహద్దున తెలుగు పలుకుచు బ్రతుకుచున్న మన యిండ్లలో మూడు భాషలు తెలియని పిల్లవాడు అరుదు. దీనిని మనము తరచు భారముగా తలచుదుము. ఒకే రాత్రి ఒకే వార్తను తెలుగు ఛానలులో పది నిమిషములు, తమిళ ఛానలులో పది నిమిషములు, కన్నడములో మరికొంత చూచి పోల్చుడు. మూడింటిలోను ఉన్నది బహుశః జరిగినది. ఒక్కదానిలోనే ఉన్నదానిని విచారింపవలెను. మూడును ఒకే మూలమునుండి తీసికొని ఒకే తప్పు చేయుటయు కలదు. అందుచేతనే ఉదయపు పత్రిక మరువరాదంటిమి. ఒక్క భాషయే వచ్చినవానికి ఈ పరీక్ష సాధ్యము కాదు. మాతృభాషను నిలుపుకొని ఇరుగుపొరుగు భాషలను నేర్చిన వానికి సాధ్యము. మన పాఠశాల ఉండుటకు ఇదియు ఒక ప్రయోజనమని మా విశ్వాసము.

చివరగా ఒక పేరు చెప్పి విరమింతుము. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలమునకు చెందిన మురళీ నాయక్ అను తెలుగు యువకుడు, అగ్నివీరుడు, 2025 మే 9న జమ్మూ కాశ్మీరు సరిహద్దులో కాల్పులకు మరణించెను. ఆయన తలిదండ్రులు బ్రతుకుతెరువునకై ముంబయి వెళ్లి కూలిపని చేసికొన్నవారు; మనవలెనే స్వస్థలమునకు దూరముగా తెలుగు పలికినవారు. మే 8 రాత్రి తెరమీద కల్పిత విజయములకు జయజయధ్వానములు సాగినవి. తెల్లవారిన ఆ దినముననే ఆ తల్లిదండ్రులకు నిజమైన వార్త చేరినది. యుద్ధమనగా అది.

ఆ బాలుని పది వాక్యములకు మేము మార్కులు తగ్గింపలేదు. మొదటి వాక్యమును మాత్రము తిరిగి వ్రాయించితిమి. "కరాచీ రేవు కాలినదని టీవీలో చెప్పిరి, అది నిజము కాదని తరువాత తెలిసినది" అని వాడు తన చేతులతో వ్రాసెను. ఆ వాక్యము మన పిల్లలందరికిని వచ్చునట్లు మీరును మేమును కలసి శ్రమింతుము గాక.